స్వర్ణదేవాలయం ముట్టడి: ప్రభుత్వాలు తమ హస్తాన్ని నిజంగా దాచగలవా?

నాందేడ్, ధర్మాబాద్, బీదర్ వైపు తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు సిక్కులు దూరపువాళ్లు కారు. గురు గోవింద్ సింగ్ 1708లో తుదిశ్వాస విడిచిన చోటు నాందేడ్. హజూర్ సాహిబ్‌కు వచ్చే యాత్రికులను చూస్తూ, లంగరులో వాళ్ల పక్కన కూర్చుని తింటూ పెరిగిన పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. అందుకే జూన్ మొదటి వారం రాగానే అమృత్‌సర్ మాట మన మధ్యకూ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వాదం రెండుగా చీలుతుంది. నిప్పు లేనిదే పొగ రాదు, దాని వెనక ఏ దేశం హస్తం ఉందో ఎవరికి తెలుసు, ప్రభుత్వాలు ఏదైనా దాచేస్తాయి అంటారు కొందరు. అన్ని వేలమంది సైనికులు, అంతమంది అధికారులు ఉన్న చోట గుట్టు దాగుతుందా, ఎవరో ఒకరు నోరు జారరా అంటారు మరికొందరు.

ఈ వాదాన్ని ఊహలతో తేల్చలేం. అయితే అమృత్‌సర్ విషయంలో మనకు ఒక సౌకర్యం ఉంది. నిజంగానే ఒక విదేశీ ప్రభుత్వం తన పాత్రను 30 ఏళ్లు దాచింది. ఆ కాగితాలు ఇప్పుడు బయట ఉన్నాయి. ఎవరు దాచారు, ఎంత దాచారు, ఎలా బయటపడింది, ఇంకా ఏం మిగిలింది అన్నవి చాలావరకు అందులో చూడవచ్చు. చూస్తే రెండు పక్షాలవాళ్లూ కొంత సర్దుకోవలసి వస్తుంది.

ముందు ఆ రోజుల సంగతి

1984 జూన్ 3న గురు అర్జన్ దేవ్ బలిదాన దినం. స్వర్ణదేవాలయ ప్రాంగణం యాత్రికులతో నిండి ఉంది. జర్నైల్ సింగ్ భింద్రన్‌వాలే, ఆయన సాయుధ అనుచరులు అప్పటికే లోపల మకాం వేసి, అకాల్ తఖ్త్‌ను కోటలా మార్చుకున్నారు. వాళ్లకు యుద్ధవిద్య నేర్పింది మాజీ మేజర్ జనరల్ షాబేగ్ సింగ్. సైన్యం చుట్టుముట్టింది. పంజాబ్ మొత్తం కర్ఫ్యూ పెట్టారు, ఫోన్లు తెగిపోయాయి, విలేఖరులను బయటికి పంపేశారు. జూన్ 5 రాత్రి అసలు దాడి మొదలైంది. తెల్లవారేసరికి ట్యాంకులు అకాల్ తఖ్త్ మీద గుళ్లు కురిపించాయి.

భారత ప్రభుత్వం జూలై 10న శ్వేతపత్రం విడుదల చేసింది. అందులో చనిపోయిన సైనికులు 83 మంది. 'పౌరులు/ఉగ్రవాదులు' అన్న గడిలో చనిపోయినవాళ్లు 493 మంది. ఆ గీతను ఒక్కసారి గమనించండి. గురుపర్వానికి వచ్చిన ముసలావిడ, మెషిన్ గన్ పట్టిన యువకుడు ఒకే గడిలో పడ్డారు. మృతుల సంఖ్య ఇంతకన్నా చాలా ఎక్కువని సిక్కు సంఘాలు, ఎందరో పరిశోధకులు అంటూ వచ్చారు. అప్పుడు నగరంలో ఎలాగో నిలిచిపోయి వార్త పంపిన అసోసియేటెడ్ ప్రెస్ విలేఖరి బ్రహ్మ చెల్లానీ మీద కేసు పెట్టారు, తర్వాత ఎత్తేశారు.

ఇదంతా మన ప్రభుత్వం చేసిన పని. ఇందులో బ్రిటన్ ప్రస్తావన ఎక్కడా లేదు. ఒక్క ట్యాంకుల విషయం తప్ప. అకాల్ తఖ్త్ మీద గుళ్లు పేల్చిన విజయంత ట్యాంకు రూపకల్పన బ్రిటన్ వాళ్ల విక్కర్స్ కంపెనీది, తయారైంది మన మద్రాసు పక్కన ఆవడిలో. అది అందరికీ తెలిసిందే, దాచిందేమీ కాదు. తమిళనాట ఆవడి ఫ్యాక్టరీ పేరు తెలియని మనవాళ్లు తక్కువ.

రెండు ఉత్తరాలు

2014 జనవరిలో లండన్ నేషనల్ ఆర్కైవ్స్ 1984 నాటి ఫైళ్లను మామూలుగా ఏటా చేసినట్టే జనం ముందు పెట్టింది. బ్రిటన్‌లో ప్రభుత్వ కాగితాలు 30 ఏళ్లకు తెరవాలన్న నియమం అప్పటికి అమల్లో ఉంది. తర్వాత దాన్ని క్రమంగా 20 ఏళ్లకు తగ్గించారు. ఆ కట్టల్లో పరిశోధకుడు ఫిల్ మిల్లర్ కంట రెండు ఉత్తరాలు పడ్డాయి.

ఒకటి 1984 ఫిబ్రవరి 6 నాటిది. ప్రధాని మార్గరెట్ థాచర్ కార్యాలయం నుంచి విదేశాంగ మంత్రి కార్యాలయానికి వెళ్లింది. విదేశాంగ మంత్రి ప్రతిపాదనకు ప్రధాని అంగీకరించారన్నది దాని సారం. రెండోది ఫిబ్రవరి 23 నాటిది. విదేశాంగ మంత్రి కార్యాలయం నుంచి హోంమంత్రి కార్యాలయానికి. స్వర్ణదేవాలయం నుంచి సాయుధులను తొలగించే పథకం మీద భారత అధికారులు సలహా అడిగారని, ప్రధాని సమ్మతితో ప్రత్యేక దళమైన ఎస్ఏఎస్ అధికారి ఒకరు భారత్ వెళ్లి పథకం తయారుచేశారని, దాన్ని ఇందిరా గాంధీ ఆమోదించారని, త్వరలోనే అమలు చేయవచ్చని అందులో ఉంది.

ఈ రెండో ఉత్తరం అసలు ఎందుకు రాశారో చూస్తే గుట్టు ఎలా పనిచేస్తుందో అర్థమవుతుంది. హోంమంత్రి సలహా కోసం రాయలేదు. ఈ సంగతి బయటికి పొక్కితే బ్రిటన్‌లో ఉన్న భారతీయుల మధ్య ఉద్రిక్తతలు రావచ్చు, జాగ్రత్తగా ఉండండి అని చెప్పడానికి రాశారు. ఉత్తరంలోని విషయం అవసరమైన కొద్దిమందికి తప్ప తెలియనివ్వొద్దని కూడా కోరారు. అంటే గుట్టును కాపాడటానికే గుట్టును మరో శాఖకు చెప్పవలసి వచ్చింది. చెప్పింది కాగితం మీద. ఆ కాగితం ఫైల్లో చేరింది. ఫైలు 30 ఏళ్లు అల్మరాలో కూర్చుంది. చివరికి దాన్ని బయటపెట్టింది ఆ ప్రభుత్వం నడిపే ఆర్కైవ్సే, పరిశోధకుడి చేతికి.

ఇంకో విచిత్రం ఉంది. ఈ ముక్క 2014కు ముందే మన దేశంలో అచ్చయింది. నిఘా సంస్థ రా లో పనిచేసి రిటైరైన బి. రామన్ 2007లో రాసిన పుస్తకంలో, బ్రిటిష్ నిఘా అధికారులు పర్యాటకుల్లా స్వర్ణదేవాలయానికి వచ్చి చూసి వెళ్లిన సంగతి ప్రస్తావించారు. ఏడేళ్లపాటు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మాజీ అధికారి జ్ఞాపకం ఒక మాట మాత్రమే. ప్రధాని కార్యాలయం ఉత్తరం అలా కాదు. అందుకే అది పార్లమెంటుదాకా వెళ్లింది.

లండన్ ఇచ్చిన జవాబు

అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ వెంటనే కేబినెట్ సెక్రటరీ జెరెమీ హేవుడ్‌ను విచారించమన్నారు. సుమారు 200 ఫైళ్లు, 23 వేల పత్రాలు వెతికామని చెప్పారు. ఫిబ్రవరి 4న విదేశాంగ మంత్రి విలియం హేగ్ పార్లమెంటులో ఫలితం చదివారు.

హేగ్ చెప్పినదాని ప్రకారం భారత నిఘా సమన్వయకర్త నుంచి అత్యవసర విన్నపం వచ్చింది. ఢిల్లీలోని బ్రిటిష్ హైకమిషన్ సానుకూలంగా స్పందించమంది. ఒకే ఒక సైనిక సలహాదారు ఫిబ్రవరి 8 నుంచి 17 వరకు భారత్‌లో ఉన్నారు, మన ప్రత్యేక దళంవాళ్లతో కలిసి ఆలయ ప్రాంగణాన్ని పరిశీలించారు. సైనిక చర్య చివరి మార్గంగానే ఉండాలని, తప్పకపోతే ఆకస్మికంగా, హెలికాప్టర్లతో దళాలను దింపి, ప్రాణనష్టం తగ్గించేలా చేయాలని చెప్పారు. జూన్‌లో జరిగింది వేరు. ఆకస్మికత లేదు, హెలికాప్టర్ల పాత్ర లేదు, పదాతిదళంతో నేల మీద దాడి. ఈలోగా మూడు నెలల్లో లోపల సాయుధుల సంఖ్య, రక్షణ ఏర్పాట్లు పెరిగాయి, బాధ్యత సైన్యం చేతికి వెళ్లింది, పథకం మారింది. కాబట్టి బ్రిటన్ సలహా ప్రభావం పరిమితం. ఆయుధాలు ఇవ్వలేదు, శిక్షణ ఇవ్వలేదు, ఆయుధాల అమ్మకాలతో ముడి లేదు. ఇదీ జవాబు.

దాడిని నడిపిన మేజర్ జనరల్ కె.ఎస్. బ్రార్ కూడా బ్రిటిష్ సలహా సంగతి తనకు తెలియదని, పథకం భారత సైన్యానిదేనని అన్నారు. ఆయన మాట నమ్మదగిందే అనిపిస్తుంది మాకు. ఫిబ్రవరిలో వచ్చి వెళ్లిన ఒక మనిషి గురించి, జూన్‌లో బాధ్యత తీసుకున్న సేనానికి ఎవరూ చెప్పకపోయి ఉండవచ్చు. గుట్టు శత్రువు దగ్గరే కాదు, సొంత సేనాపతి దగ్గర కూడా దాగుతుంది. వేలమంది పాల్గొన్న దాంట్లో ఎవరో ఒకరు చెప్పరా అనేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. దాడిలో వేలమంది ఉన్నారు, కానీ దాచిన విషయం తెలిసింది రెండు రాజధానుల్లో బహుశా కొన్ని పదుల మందికి.

అయితే హేగ్ ప్రకటనలోనే ఒక మాట మింగుడు పడదు. సైనిక సలహాకు సంబంధించిన రక్షణ శాఖ ఫైలు ఒకటి 2009 నవంబరులో ధ్వంసమైంది. 25 ఏళ్లు నిండిన ఫైళ్ల మామూలు పరిశీలనలో భాగంగా పోయిందని, అందులోని కొన్ని పత్రాల నకళ్లు వేరే శాఖల్లో దొరికాయని వివరణ. అది నిజమే కావచ్చు. ఆఫీసుల్లో పాత కాగితాలు ఎలా పోతాయో మునిసిపాలిటీలో తాతల నాటి ఇంటి పన్ను రసీదు వెతికిన ఎవరికైనా తెలుసు. కానీ పోయిన ఫైలు సరిగ్గా ఈ విషయానికి చెందినదే కావడం, విచారించినాయన ఆ ప్రభుత్వానికే అత్యున్నత అధికారి కావడం, రెండూ కలిసి అనుమానాన్ని చావనివ్వలేదు. బ్రిటన్ సిక్కు సంఘాలు స్వతంత్ర విచారణ కోరుతూనే ఉన్నాయి.

ఫిల్ మిల్లర్ మరికొన్ని కేబినెట్ ఆఫీసు ఫైళ్ల కోసం సమాచార హక్కు ట్రిబ్యునల్‌కు వెళ్లారు. భారత్‌తో సంబంధాలు చెడతాయని ప్రభుత్వం వాదించింది. 2018 జూన్‌లో జడ్జి ముర్రే షాంక్స్ ఆ వాదనను చాలావరకు తోసిపుచ్చి, ఎక్కువ పత్రాలు బయటపెట్టాలన్నారు. నిఘా సంస్థల సమాచారం ఉండే అవకాశమున్న 'ఇండియా: పొలిటికల్' అన్న ఫైలుకు మాత్రం మినహాయింపు దక్కింది.

ఎందుకు ఇన్నేళ్లు దాగింది

స్వర్ణదేవాలయానికి నడిచి వెళ్లేంత దూరంలో జలియన్‌వాలా బాగ్ ఉంది. 1919 ఏప్రిల్ 13న జనరల్ డయ్యర్ ఆజ్ఞతో కాల్పులు జరిగిన చోటు. బ్రిటిష్ లెక్కలోనే 379 మంది చనిపోయారు. అదే ఊళ్లో, సిక్కుల పరమ పవిత్ర స్థలం మీద దాడికి, స్వతంత్ర భారత ప్రధాని లండన్ నుంచి సైనిక సలహాదారుణ్ణి పిలిపించారని 1984లో తెలిసి ఉంటే ఢిల్లీ పరిస్థితి ఏమిటి? తమ దేశంలో ఉన్న వేలాది సిక్కు కుటుంబాలకు లండన్ ఏం చెప్పుకోవాలి? అడిగినవాళ్లకూ సిగ్గే, ఇచ్చినవాళ్లకూ ఇబ్బందే. తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నప్పుడు ఎవరూ నోరు విప్పరు. రెండు ప్రభుత్వాలకూ అవసరమైన గుట్టు ఒక్క ప్రభుత్వపు గుట్టు కన్నా గట్టిగా నిలుస్తుంది.

దీనికి లెక్క కట్టినవాళ్లూ ఉన్నారు. డేవిడ్ రాబర్ట్ గ్రైమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త 2016లో ప్లాస్ వన్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. నిజంగా జరిగి బయటపడిన కుట్రలను తీసుకుని, ఎంతమందికి తెలిస్తే ఎన్నాళ్లు దాగుతుందని అంచనా వేశారు. ఆయన లెక్కలో ఒక గుట్టు 5 ఏళ్లు దాగాలంటే తెలిసినవాళ్లు 2,521 మందికి మించకూడదు. పదేళ్లు దాటాలంటే వెయ్యి లోపు. నూరేళ్లు నిలవాలంటే 125 లోపు. ఈ లెక్కకు ఒక లోపం ఉంది. బయటపడిన గుట్టులనే కొలవగలం, పడనివాటిని కొలవలేం. అయినా అమృత్‌సర్ విషయంలో దాని తీరు సరిపోయింది. పెద్ద కుట్ర దాగదు, చిన్న సాయం దాగుతుంది. ఒక్క అధికారి, పది రోజులు, కొన్ని ఉత్తరాలు.

దాచింది చిన్నదైనా దెబ్బ పెద్దదే

ఈ మాటకు అమెరికాలో వేకో అనే ఊరి దగ్గర జరిగిన ముట్టడి మంచి ఉదాహరణ. 1993 ఫిబ్రవరి 28న బ్రాంచ్ డేవిడియన్లు అనే మత బృందం నివాసం మీద ఆయుధాల కేసులో కేంద్ర అధికారులు దాడికి వెళ్లారు. కాల్పుల్లో నలుగురు అధికారులు, ఆరుగురు బృంద సభ్యులు చనిపోయారు. 51 రోజుల ముట్టడి తర్వాత ఏప్రిల్ 19న ఎఫ్‌బీఐ బాష్పవాయువు ప్రయోగించింది. మధ్యాహ్నానికి మంటలు లేచాయి. పిల్లలతో సహా 76 మంది చనిపోయారు.

మంట పుట్టించే గుళ్లు తాము వాడలేదని ఎఫ్‌బీఐ చెబుతూ వచ్చింది. 1999లో ఒప్పుకోవలసి వచ్చింది. కొన్ని వాడామని. దేశమంతా గగ్గోలు. మాజీ సెనేటర్ జాన్ డాన్‌ఫోర్త్‌ను ప్రత్యేక విచారణాధికారిగా వేశారు. ఆయన 2000లో తేల్చింది రెండు ముక్కలు. మంటలు ప్రభుత్వం పెట్టలేదు, లోపలివాళ్లే పెట్టుకున్నారు. ఆ వివాదాస్పద గుళ్లు మంటలకు దాదాపు నాలుగు గంటల ముందు, భవనానికి అవతల ఉన్న కాంక్రీటు గుంత వైపు పేల్చినవి. అంటే ఆ గుళ్ల వల్ల ఎవరూ చావలేదు. కానీ వాటి సంగతి కొందరు తెలిసే దాచారు. ఒక ప్రాసిక్యూటర్ తన నోట్సు దాచినందుకు నేరం ఒప్పుకోవలసి వచ్చింది.

నిజం చెప్పి ఉంటే మొదటి వారంలోనే పోయేది. దాచడం వల్ల, ఆరేళ్ల తర్వాత విచారణ చేసి నిజం చెప్పినా నమ్మేవాళ్లు తగ్గారు. ఈలోగా వేకో పేరు చెప్పుకునే ప్రభుత్వ వ్యతిరేకి ఒకడు సరిగ్గా రెండేళ్లకు, 1995 ఏప్రిల్ 19న, ఓక్లహోమా సిటీలో బాంబు పేల్చి 168 మందిని చంపాడు. అది చేసినవాడి నేరమే. కాని ముట్టడి తర్వాత పెరిగిన అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికే ఈ మాట.

రష్యాలో బెస్లాన్ బడి ముట్టడిలో ఇంకోలా జరిగింది. 2004 సెప్టెంబరులో సాయుధులు వెయ్యికి పైగా పిల్లలను, తల్లులను, టీచర్లను బందీలుగా పట్టుకుంటే అధికారులు టీవీలో 354 మంది అని చెప్పారు. చివరికి 330 మందికి పైగా చనిపోయారు. సగానికి పైగా పిల్లలే. అగ్నిజ్వాలలు చిమ్మే ఆయుధాలు వాడలేదన్న మాటను అధికారులు వెనక్కు తీసుకున్నది, స్థానికులు ఆ ఆయుధాల ఖాళీ గొట్టాలు ఏరి తెచ్చాక. 2017లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం రష్యాను తప్పుపట్టింది. అక్కడ ఆర్కైవ్స్ కాదు, చేతికి దొరికిన ఇనుప గొట్టాలు మాట్లాడాయి.

మన వైపు కూడా

ఇదంతా పంజాబు, అమెరికా, రష్యా సంగతే అనుకోనక్కర్లేదు. నాందేడ్, బీదర్, గుల్బర్గా, ఉస్మానాబాద్ ప్రాంతాల పెద్దలకు 1948 పోలీసు చర్య గురించి చెప్పవలసిన పని లేదు. రజాకార్ల దౌర్జన్యాలు ఎంత నిజమో, సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన హత్యాకాండ అంత నిజం. నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర్లో ఊళ్లు తిరిగి నివేదిక ఇచ్చింది. 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువగా దెబ్బతిన్నవిగా చెప్పింది ఈ నాలుగు జిల్లాలనే. కొన్నిచోట్ల సైనికుల ప్రమేయం కూడా ఉందని రాసింది. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. కొన్ని భాగాలు ముందే అక్కడక్కడ అచ్చయినా, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయంలో జనానికి అందుబాటులోకి వచ్చిన సంగతి విస్తృతంగా తెలిసింది 2013లో. 65 ఏళ్లు.

ఆ ఊళ్లలో ఉన్నవాళ్లకు ఏం జరిగిందో తెలియక కాదు. ఏ బావి దగ్గరకు వెళ్లొద్దో, ఎవరిల్లు ఎందుకు ఖాళీగా ఉందో అమ్మమ్మలకు తెలుసు. దాగింది సంఘటన కాదు. ఎవరి బాధ్యత ఎంత అని ప్రభుత్వమే రాసుకున్న కాగితం. అమృత్‌సర్‌లోనూ అంతే. ప్రాంగణంలో ఉన్నవాళ్లకు సంఘటన తెలుసు. వాళ్లకు అందనిది ఢిల్లీలో, లండన్‌లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారన్నది.

అందుకే ఎవరైనా ఏ ముట్టడి గురించైనా ఫలానా దేశం చేయించింది అని ఫోన్లో పంపినప్పుడు మేము చూసేది ఒకటే. దాచాలంటే ఎంతమంది నోరు మూసుకోవాలి? వందలమంది సైనికులు, డాక్టర్లు, గుమాస్తాలు కలిసి అబద్ధం ఆడితేనే నిలిచే కథ అయితే దాన్ని పక్కన పెడతాం. ఒక గదిలో పదిమందికి మించి తెలియనవసరం లేని సంగతి అయితే కొట్టిపారేయం, కాగితం కోసం అడుగుతాం. కాగితం దొరికాక కూడా అది చెప్పినంతే తీసుకుంటాం. ఫిబ్రవరి 23 ఉత్తరం దొరికింది కాబట్టి జూన్ దాడిని బ్రిటన్ నడిపిందని చెప్పేవాళ్లున్నారు. ఆ ఉత్తరం అంత చెప్పదు. సలహా ఇచ్చారని చెబుతుంది, దాచారని చెబుతుంది. రక్తపాతం బాధ్యత నిర్ణయం తీసుకున్న ఢిల్లీదే. లండన్ వైపు చూపిస్తే ఆ బాధ్యత పలచబడుతుందని కొందరికి ఆశ ఉంటే ఉండవచ్చు.

మన దేశంలో దారి ఏమిటి

బ్రిటన్ ఉత్తరాలు బయటికి వచ్చాయి. మరి ఇక్కడి ఫైళ్లు? విన్నపం ఢిల్లీ నుంచే వెళ్లింది కదా, దాని నకలు ఇక్కడ ఉండాలి. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం, 1997 నియమాల ప్రకారం పాతికేళ్లు దాటిన శాశ్వత రికార్డులు నేషనల్ ఆర్కైవ్స్‌కు చేరాలి. కానీ రహస్య ముద్ర ఉన్నవాటికి అది వర్తించదు. ముద్ర తీసేది ముద్ర వేసిన శాఖే. వెనక 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉండనే ఉంది. దాన్ని చేసింది కూడా బ్రిటిష్‌వాళ్లే. వాళ్లు తమ కాగితాలు 30 ఏళ్లకు తెరిచారు, మనం వాళ్ల తాళాన్ని భద్రంగా వాడుతున్నాం.

సమాచార హక్కు చట్టంలో చాలామందికి తెలియని ఒక నిబంధన ఉంది. సెక్షన్ 8(3). ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని మామూలు మినహాయింపుల పేరుతో ఆపకూడదు అంటుంది. అయితే మూడు మినహాయింపులు అప్పటికీ నిలుస్తాయి. దేశ భద్రత, విదేశీ సంబంధాలు వాటిలో మొదటిది. చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు మిగతా రెండు. రా, ఇంటెలిజెన్స్ బ్యూరో లాంటి సంస్థలకు సెక్షన్ 24 కింద వేరే రక్షణ ఉంది. అక్కడ కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణల సమాచారం అడగవచ్చు. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదం కావాలి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు. కర్ణాటకలో ఉన్నా ఒడిశాలో ఉన్నా కేంద్ర శాఖలకు ఇదే రుసుము, ఆన్‌లైన్‌లో కూడా కట్టవచ్చు. తిరస్కరిస్తే ఏ సెక్షన్ కింద తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పాలి. ఆ రాత కూడా ఒక కాగితమే, దాచుకోండి.

అమృత్‌సర్ దాడిలో ప్రాంగణంలోని సిక్కు రిఫరెన్స్ లైబ్రరీ కూడా పోయింది. చేతిరాత గ్రంథాలు, హుకుంనామాలు ఉన్న గ్రంథాలయం. కొంత కాలిపోయిందని ఒకరు, సంచుల్లో తీసుకెళ్లారని మరొకరు చెబుతారు. తీసుకెళ్లినవి ఎన్ని, తిరిగిచ్చినవి ఎన్ని అన్న పేచీ శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీకి, ప్రభుత్వానికి మధ్య నలుగుతూనే ఉంది. లండన్‌లో 'ఇండియా: పొలిటికల్' ఫైలుకు ట్రిబ్యునల్ ఇచ్చిన మినహాయింపు అలాగే ఉంది. శ్వేతపత్రంలో 493 అన్న అంకె ముందు 'పౌరులు/ఉగ్రవాదులు' అన్న గీత కూడా 1984 జూలైలో పడినచోటే ఉంది.